లేని విమానం గురించి వచ్చే హెచ్చరిక

(విమానాల ఎలక్ట్రానిక్ పరికరాల నిర్వహణలో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఇంజనీరు ఒకరు ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

వేదిక మీదున్న పెద్దలకు, అధ్యాపకులకు, విద్యార్థులందరికీ నమస్కారం.

2025 మార్చి 1వ తేదీ, శనివారం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో పొటోమాక్ నది ఒడ్డున రీగన్ విమానాశ్రయం ఉంది. ఆ రోజు అక్కడ దిగడానికి వస్తున్న విమానాల్లో, ఒకదాని తరువాత ఒకదానిలో, కాక్‌పిట్‌లోని హెచ్చరిక యంత్రం మోగింది. దగ్గరలో మరొక విమానం ఉందని చెప్పింది. నిజానికి అక్కడ మరే విమానమూ లేదు. ఆ సంగతి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తరువాత స్వయంగా ప్రకటించింది. కొందరు పైలట్లు దిగడం మానుకుని, విమానాన్ని మళ్ళీ పైకి లేపి, చుట్టూ తిరిగి వచ్చి దిగారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అంతకు నెల రోజుల ముందే, జనవరి 29 రాత్రి, అదే విమానాశ్రయంలో దిగబోతున్న ప్రయాణికుల విమానమూ ఒక సైనిక హెలికాప్టరూ ఢీకొని 67 మంది చనిపోయారు. రెండింటిలో ఉన్నవారిలో ఒక్కరూ మిగలలేదు. మార్చి 1న అదే ఆకాశంలోకి వస్తున్న ప్రతి పైలట్ మనసులోనూ ఆ రాత్రి ఉండే ఉంటుంది. అటువంటి పైలట్ చెవిలో యంత్రం "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటే ఆయన ఏం చేయాలి? ఇది అబద్ధపు హెచ్చరిక అయి ఉంటుందిలే అనుకోవాలా?

అనుకోకూడదు. ఆ పైలట్లు చేసిన పని సరైనది. హెచ్చరిక నిజమా కాదా అని తేల్చే భారం కాక్‌పిట్‌లో కూర్చున్న ఆ ఇద్దరి మీద పెట్టకూడదు, ఆ భారం నేల మీద ఉన్న మనది. ఈ రోజు నేను మీతో మాట్లాడదలచుకున్నది ఇదే. మనది అంటున్నాను, ఎందుకంటే మీలో కొందరు రేపు ఆ యంత్రాలను తయారుచేస్తారు, కొందరు వాటిని పరీక్షించి సంతకం పెడతారు.

ముందుగా ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పనివ్వండి. దీని పేరు టీకాస్. చాలామంది దీన్ని చిన్న రాడార్ అనుకుంటారు. మామూలు రాడార్ అలలను పంపి, అవి వస్తువుకు తగిలి తిరిగొస్తే పట్టుకుంటుంది. టీకాస్ అలా చేయదు, ప్రశ్న అడుగుతుంది. చీకట్లో తోటలోకి వెళ్ళి "ఎవరక్కడ?" అని కేకవేసినట్టు, 1030 మెగాహెర్ట్జ్ మీద ఆకాశంలోకి ప్రశ్న పంపుతుంది. చుట్టుపక్కల విమానాల్లో ఉన్న ట్రాన్స్‌పాండర్లు 1090 మెగాహెర్ట్జ్ మీద "నేను, ఫలానా ఎత్తులో ఉన్నాను" అని జవాబిస్తాయి. జవాబు రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. ఎత్తు మాత్రం ఎదుటి విమానం చెప్పినదే. దాన్ని కొలిచి సరిచూసుకునే మార్గం టీకాస్‌కు లేదు. దిక్కు కొంతవరకు తెలుస్తుంది గానీ, ఎడమకు తిరుగు, కుడికి తిరుగు అని సలహా ఇచ్చేంత కచ్చితంగా తెలియదు. అందుకే అది పైకి వెళ్ళు, కిందికి దిగు, ఎత్తు మార్చకు అన్న మాటలే చెబుతుంది.

ఈ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ యంత్రానికి విమానం కనిపించదు, జవాబు మాత్రమే వినిపిస్తుంది. గొంతు వినిపిస్తే మనిషి ఉన్నాడనే నమ్ముతుంది. ఇవాళ మనం మాట్లాడుకునే అబద్ధపు హెచ్చరికలన్నీ ఈ నమ్మకం దగ్గరే పుడుతున్నాయి.

రెండు విమానాలు ఇదే వేగంతో ఇలాగే దగ్గరవుతూ పోతే ఎన్ని సెకన్లలో అతి సమీపానికి వస్తాయో యంత్రం ఎప్పటికప్పుడు లెక్కవేస్తుంది. ఎత్తును బట్టి, 20 నుంచి 48 సెకన్ల ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంటుంది. అది చూసుకోమని చెప్పడం. 15 నుంచి 35 సెకన్ల ముందు "క్లైంబ్, క్లైంబ్" అనో "డిసెండ్, డిసెండ్" అనో ఆదేశిస్తుంది. పైలట్లు దీన్ని ఆర్‌ఏ అంటారు. ఆర్‌ఏ వచ్చిన 5 సెకన్లలో పైలట్ స్పందిస్తాడన్న లెక్క మీదే యంత్రం మొత్తం కట్టి ఉంది. ఐదు సెకన్లు! నేను ఈ వాక్యం పలకడానికే అంత సమయం పట్టింది.

ఇంత తొందర పెట్టే యంత్రం అసలు ఎందుకు వచ్చింది? 1956లో అమెరికాలో గ్రాండ్ కాన్యన్ మీద రెండు ప్రయాణికుల విమానాలు ఢీకొని 128 మంది చనిపోయారు. అప్పటి నుంచి ఈ ఆలోచన నడుస్తూనే ఉంది. 1986లో కాలిఫోర్నియాలోని సెరిటోస్ పట్టణం మీద ఒక పెద్ద విమానమూ ఒక చిన్న విమానమూ ఢీకొని, నేల మీద ఉన్న 15 మందితో కలిపి 82 మంది చనిపోయాక, మరుసటి ఏడాది అక్కడి కాంగ్రెస్ దీన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఇక మన దేశం సంగతి. 1996 నవంబర్ 12, హర్యానాలోని చర్ఖీ దాద్రీ. ఢిల్లీ నుంచి అప్పుడే లేచిన సౌదీ విమానం 14,000 అడుగుల వద్ద ఉంది. ఢిల్లీలో దిగడానికి వస్తున్న కజకిస్తాన్ విమానం 15,000 అడుగుల వద్ద ఉండవలసింది, అంతకంటే కిందికి దిగిపోయింది. 349 మంది. గల్ఫ్‌లో పని వెతుక్కుంటూ బయలుదేరిన మనవాళ్ళు వారిలో ఎంతోమంది. ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతమంది ప్రాణాలు తీసినది ప్రపంచంలో మరొకటి లేదు. ఆ రెండు విమానాల్లో దేనిలోనూ టీకాస్ లేదు. ఆ తరువాతే మన ఆకాశంలో ఎగిరే విమానాలకు దాన్ని తప్పనిసరి చేశారు. కనుక ఈ యంత్రాన్ని నేను తక్కువ చేసి మాట్లాడటానికి రాలేదు. దాని మీద నాకున్న గౌరవమే నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది.

ఇప్పుడు ఒక తేడా చెప్పాలి. పైలట్లు విసుక్కునే హెచ్చరికలన్నీ అబద్ధపు హెచ్చరికలు కావు. అనవసరపు హెచ్చరిక వేరు, అబద్ధపు హెచ్చరిక వేరు. ఒక విమానం 20,000 అడుగుల మీద నిలకడగా పోతోందనుకోండి. మరొకటి కింది నుంచి నిమిషానికి 3,000 అడుగుల చొప్పున ఎక్కుతోంది, 19,000 దగ్గర ఆగమని దానికి అనుమతి ఉంది. అది 18,500 చేరేసరికి ఏమవుతుంది? మధ్యలో 1,500 అడుగులు ఉన్నాయి, సెకనుకు 50 అడుగుల చొప్పున తరుగుతున్నాయి, అంటే 30 సెకన్లు. యంత్రం ఆర్‌ఏ ఇస్తుంది. ఆ పైలట్ 19,000 వద్ద ఆగబోతున్నాడని దానికి తెలియదు కదా! ఇక్కడ విమానం నిజం, దూరం నిజం, లెక్క నిజం. పైలట్ ఉద్దేశం ఒక్కటే దానికి అందలేదు. ఇది అనవసరపు హెచ్చరిక. దీనికి మందు తేలికైనది. చివరి 1,000 అడుగుల్లో నిమిషానికి 1,500 అడుగుల కంటే తక్కువ వేగంతో ఎక్కితే, లేదా దిగితే, చాలావరకు ఈ హెచ్చరిక రాదు. 1993లో వచ్చిన 6.04ఏ అనే సాఫ్ట్‌వేర్ వెర్షన్ ముఖ్య ఉద్దేశమే ఇటువంటివాటిని తగ్గించడం. దాని తరువాత వచ్చిన 7వ వెర్షన్ కూడా ఆ దారిలోనే సాగింది.

అబద్ధపు హెచ్చరిక అంటే ఆర్‌ఏకు కారణమైన పరిస్థితే లేకపోవడం. ఐరోపా విమాన భద్రతా సంస్థ ఈఏఎస్‌ఏ ఇచ్చిన నిర్వచనం కూడా ఇదే. మరి లేనిదాన్ని యంత్రం ఎలా చూస్తుంది? ఇందాక చెప్పాను కదా, అది చూడదు, వింటుంది.

నా చేతి మీదుగానే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలు అవి. ఒక విమానాన్ని నేల మీద నిలిపి దాని ఎత్తు కొలిచే వ్యవస్థను పరీక్షిస్తున్నాం. పరీక్ష పెట్టె నుంచి గొట్టాలు తెచ్చి విమానానికి తగిలించి, లోపలి గాలి ఒత్తిడిని మెల్లగా తగ్గిస్తాం. నేల మీదున్న విమానం తాను వెయ్యి అడుగుల్లో ఉన్నాననీ, తరువాత రెండు వేలనీ, మూడు వేలనీ అనుకుంటుంది. చక్రాలు నేల మీద ఉంటే ట్రాన్స్‌పాండర్ నేల మీదున్నట్టే జవాబిస్తుంది గనుక, పరీక్ష కోసం ఆ సర్క్యూట్‌ను కూడా గాలిలో ఉన్న స్థితిలో పెట్టాం. ట్రాన్స్‌పాండర్‌ను స్టాండ్‌బైలో, అంటే జవాబివ్వని స్థితిలో, ఉంచవలసింది. ఉంచలేదు. యాంటెన్నాకు తొడుగు వేయవలసింది. వేయలేదు. అంతలో, దిగడానికి వస్తున్న ఒక విమానం మూడు వేల అడుగుల ఎత్తులో మా వైపే వచ్చింది. దాని టీకాస్ ప్రశ్న అడిగింది. మా విమానం "మూడు వేల అడుగుల్లో ఉన్నాను" అని జవాబిచ్చింది. టీకాస్ కొలిచేది ఏటవాలు దూరం, అంటే పైనున్న విమానం నుంచి నేల మీదున్న మాకు గీసిన గీత పొడవు. అది మైలు కంటే తక్కువకు వచ్చి ఇంకా తగ్గుతోంది, రెండింటి ఎత్తూ ఒకటే. యంత్రానికి ఇంకేం కావాలి? ఆర్‌ఏ ఇచ్చింది. దిగుతున్న విమానం పైకి లేచింది. కొద్ది నిమిషాల్లో కంట్రోల్ టవర్ నుంచి మాకు ఫోను వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ ఫోను ఎత్తినవాడిని నేనే. ఆ విమానంలో ఉన్నవారి సంఖ్య ఎంతో నేను అడగలేదు, అడగడానికి నోరు రాలేదు.

అక్కడ టీకాస్‌లో లోపం ఏమైనా ఉందా? లేదు. ట్రాన్స్‌పాండర్‌లో? లేదు. రెండూ చేయవలసిన పనినే చేశాయి. తప్పు మా పరీక్ష పద్ధతిలో ఉంది. ఇటువంటివి ఎన్నో దేశాల్లో జరిగాయి. అందుకే పరీక్ష సమయంలో ట్రాన్స్‌పాండర్ ప్రసారం చేయకుండా చూడాలనీ, చేయక తప్పనప్పుడు యాంటెన్నాకు తొడుగు వేయాలనీ సూచనలు వచ్చాయి. సూచన కాగితం మీద ఉంటే చాలదు, ఆ తొడుగు హ్యాంగర్‌లో చేతికి అందే చోట ఉండాలి. మీరు ఎక్కడ ఉద్యోగంలో చేరినా మొదటి వారంలోనే అది ఎక్కడుందో వెతికి చూడండి.

ఇంకొన్ని రకాలు త్వరగా చెబుతాను. ఒక్కోసారి విమానంలోని సొంత ట్రాన్స్‌పాండర్ పాడై, తన టీకాస్ అడిగే ప్రశ్నకు తానే జవాబిస్తుంది. అప్పుడు విమానం తన నీడనే శత్రువనుకున్నట్టు, తన ఎత్తులోనే తన పక్కనే మరొక విమానం ఉందని హెచ్చరిస్తుంది. ఇది అరుదు. ఎత్తును తప్పుగా పంపే ట్రాన్స్‌పాండర్లు వేరే విమానంలో ఉంటే, శిక్ష మాత్రం దాని పక్కగా పోయే విమానానికి పడుతుంది.

కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఐరోపాలో బయటపడిన వ్యవహారం. 2012 నుంచి అక్కడి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ సంస్థలు అబద్ధపు ఆర్‌ఏలు వస్తున్నాయని తెలియజేస్తూ వచ్చాయి. ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320 కుటుంబం విమానాల్లో, కొన్ని ఏ330 విమానాల్లో. దర్యాప్తు చేస్తే ఒక రకం టీకాస్ ప్రాసెసర్ దగ్గర తేలింది. అది కూడా ఒంటరిగా తప్పు చేయలేదు, మూడు పరిస్థితులు కలిస్తేనే చేసింది. ఒకటి, అందులో హైబ్రిడ్ సర్వైలెన్స్ అనే సదుపాయం పనిచేస్తూ ఉండాలి. పదేపదే ప్రశ్నలు అడిగి 1030, 1090 మెగాహెర్ట్జ్‌లను కిక్కిరిసిపోయేలా చేయకుండా, దూరంగా ఉన్న విమానాలు తమంతట తాము ప్రసారం చేసుకునే స్థానాన్ని విని సరిపెట్టుకోవడమే ఆ సదుపాయం. రెండు, ఆ ప్రాసెసర్‌కు జీపీఎస్ సమాచారం నేరుగా రాకుండా, వేరే సమాచారంతో కలిసిపోయి రావాలి. మూడు, ఎదురుపడే విమానం తన స్థానాన్ని ఏడీఎస్-బీ అనే రేడియో ప్రసార పద్ధతి ద్వారా తెలియజేస్తూ ఉండాలి. విడివిడిగా చూస్తే ఈ మూడూ మంచివే. మొదటిదీ మూడవదీ అయితే భద్రతను పెంచడానికి వచ్చినవే. ఒక్కొక్కదాన్ని బల్ల మీద పెట్టి పరీక్షిస్తే ఉత్తీర్ణం అవుతుంది. కలిసినప్పుడు మాత్రం ఎదుట ప్రమాదం లేకపోయినా ఉందన్నాయి. చివరికి ఈఏఎస్‌ఏ ఆదేశం జారీచేయవలసి వచ్చింది. ఆ ఆదేశంలో ఇంకొక మాట కూడా ఉంది, అది మీరు వినాలి. ఇంకా ఎక్కువ సంఘటనలు జరిగి ఉండవచ్చనీ, అవి నమోదు కాకపోయి ఉండవచ్చనీ అందులో రాశారు.

ఇక్కడ మీలో కొందరికి ఒక ప్రశ్న రావాలి. హెచ్చరిక అబద్ధమైతే నష్టమేమిటి? పైలట్ కొన్ని వందల అడుగులు ఎక్కుతాడు, మళ్ళీ దిగుతాడు, అంతే కదా? అంతే కాదు. 29,000 అడుగుల పైన విమానాల మధ్య ఎత్తులో ఉండే దూరం 1,000 అడుగులే. అసలు లేని విమానం నుంచి తప్పించుకోవడానికి తన ఎత్తు వదిలి కదిలినవాడు, నిజంగా ఉన్న విమానం వైపు వెళుతున్నాడు. టీకాస్ రెండవదాన్ని కూడా చూసుకుంటుంది, నిజమే. కానీ అక్కడిదాకా ఎందుకు తీసుకెళ్ళాలి?

అయితే పైలట్‌కే విచక్షణ ఇద్దాం, అనుమానం వస్తే హెచ్చరికను పక్కన పెట్టమందాం అని ఎవరైనా అంటారా? దానికి జవాబు 2002 జూలై 1న జర్మనీలోని ఊబర్లింగెన్ మీద దొరికింది. మాస్కో నుంచి బార్సిలోనా వెళుతున్న తుపొలెవ్ విమానం, బెర్గమో నుంచి బ్రస్సెల్స్ వెళుతున్న సరుకుల బోయింగ్ 757, రెండూ 36,000 అడుగుల ఎత్తులో ఎదురుపడ్డాయి. ఆ రాత్రి ఆ ఆకాశాన్ని చూసే జూరిచ్ కేంద్రంలో రెండు తెరలను ఒక్క కంట్రోలరే చూస్తున్నాడు. ఆలస్యంగా గమనించి తుపొలెవ్‌ను దిగమన్నాడు. ఇంచుమించు అదే క్షణంలో దాని టీకాస్ ఎక్కమంది. బోయింగ్ టీకాస్ బోయింగ్‌ను దిగమంది. బోయింగ్ యంత్రం మాట విని దిగింది. తుపొలెవ్ మనిషి మాట విని దిగింది. 71 మంది చనిపోయారు, వారిలో 52 మంది పిల్లలు. అంతకు ఏడాదిన్నర ముందు, 2001 జనవరి 31న, జపాన్ ఆకాశంలో ఒకే సంస్థకు చెందిన రెండు పెద్ద విమానాలు ఇటువంటి పరిస్థితిలోనే వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. ఆ రెండింటిలో కలిపి 677 మంది ఉన్నారు. అక్కడ కూడా ఒక విమానం టీకాస్ ఎక్కమన్నా, కంట్రోలర్ మాట ప్రకారం దిగింది.

ఈ రెండింటి తరువాత నియమాన్ని సందేహానికి తావులేకుండా రాశారు. కంట్రోలర్ ఏం చెప్పినా, కిటికీలోంచి ఏం కనిపించినా, ఆర్‌ఏ వస్తే ఆర్‌ఏనే పాటించాలి. దానికి వ్యతిరేక దిశలో ఎన్నడూ కదలకూడదు. కిటికీలోంచి కనిపించిన విమానం, యంత్రం చెబుతున్న విమానం ఒకటే అని నమ్మకం ఏమిటి? ఐదు సెకన్లలో దాన్ని ఎవరు తేల్చగలరు? ఈ నియమం 71 ప్రాణాల మీద నిలబడి ఉంది. కనుక అబద్ధపు హెచ్చరికను కూడా పైలట్ పాటించి తీరాలి. పాటించమని మనమే నేర్పాం. నేర్పిన తరువాత, లేనిదాన్ని ఉందని చెప్పే యంత్రాన్ని ఆయన ముందు పెట్టే హక్కు మనకు లేదు. పది అబద్ధాలు విన్నవాడు పదకొండవసారి ఒక్క సెకను సందేహిస్తాడు. మనిషి స్వభావం అది, శిక్షణతో పూర్తిగా పోదు. ఆ సెకను ఆయనకున్న ఐదింటిలోంచి పోతుంది.

ఇప్పుడు వాషింగ్టన్‌కు తిరిగి వెళదాం. జనవరి 29 రాత్రి ఆ విమానం టీకాస్ ఏమీ చెప్పలేదా? చెప్పింది. ఢీకొనడానికి దాదాపు 20 సెకన్ల ముందు "ట్రాఫిక్, ట్రాఫిక్" అంది. అంతకుమించి అనలేదు, ఎందుకంటే నేలకు సుమారు 1,000 అడుగుల కంటే కింద ఆర్‌ఏ రాకుండా రూపకల్పనలోనే ఆపి ఉంచారు. నేలకు అంత దగ్గరలో కిందికి దిగమని చెప్పడం ప్రమాదం, దిగబోతున్న విమానాలను అనవసరంగా చెదరగొట్టడమూ ప్రమాదమే. ఆ పరిమితి అబద్ధపు, అనవసరపు హెచ్చరికల భయంతో కూడా పెట్టినదని గమనించండి. అంటే నమ్మలేని హెచ్చరికకు మనం చెల్లిస్తున్న మూల్యంలో, చెప్పవలసిన చోట చెప్పలేకపోవడం కూడా ఒక భాగం.

మార్చి 1 హెచ్చరికలకు కారణం ఏమిటి? మార్చి 27న సెనేట్ విచారణలో సెనేటర్ టెడ్ క్రూజ్ చెప్పిన దాని ప్రకారం, అమెరికా నౌకాదళమూ సీక్రెట్ సర్వీసూ అక్కడికి దగ్గరలో డ్రోన్లను అడ్డుకునే పరికరాలను పరీక్షిస్తున్నాయి, అవి టీకాస్ వాడే తరంగాలకు దగ్గరి తరంగాలనే వాడాయి, ఆ తరంగాలు వాడవద్దని ఎఫ్‌ఏఏ అంతకు ముందే హెచ్చరించింది కూడా. దేశాధినేతను కాపాడే పనిలో ఉన్నవారు దిగబోయే ప్రయాణికులకు చేటు తలపెట్టరు. మేము ఆ రోజు గొట్టాలు తగిలించినప్పుడు కూడా ఎవరికీ చేటు తలపెట్టలేదు. మన పరికరం వదిలే తరంగం ఎవరి చెవిలో పడుతుందో అడగకపోవడమే రెండు చోట్లా జరిగింది. ఇప్పుడు మన దేశంలోనూ విమానాశ్రయాల చుట్టూ, సరిహద్దుల్లో, పెద్ద సభల దగ్గర డ్రోన్ నిరోధక పరికరాలు వస్తున్నాయి. వాటిని నిలబెట్టే ఇంజనీర్లు మీలోంచే వస్తారు. 1030, 1090 ఈ రెండు అంకెలూ రాసిపెట్టుకోండి.

కావాలని చేసే మోసం మాటేమిటని ఇందాక ముందు వరుసలోని అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. 2025 జనవరిలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా దీని మీద ఒక హెచ్చరిక ప్రచురించింది. రేడియో పరికరాలతో తప్పుడు జవాబులు పంపి, లేని విమానాన్ని కాక్‌పిట్ తెర మీద చూపించడం సాధ్యమని పరిశోధకులు నిరూపించారు. ప్రయోగశాల బయట అలా చేయడం కష్టమనీ, జరిగే అవకాశం తక్కువనీ ఆ సంస్థే చెప్పింది. నేను దానికి ఒక్క మాటే కలుపుతాను. ఈ భాష రూపుదిద్దుకున్న రోజుల్లో జవాబిచ్చేవాడు అబద్ధం చెబుతాడని ఎవరూ అనుకోలేదు. కనుక జవాబులో, చెప్పేవాడు ఎవరో రుజువు చేసే ఏర్పాటు లేదు. ప్రపంచమంతా ఎగిరే వేల విమానాల్లో ఒకే భాష ఉండాలి గనుక, దాన్ని ఒక్కరోజులో మార్చలేం.

ఒక్క రోజులో చేయగలిగినది మాత్రం ఒకటి ఉంది. ఐరోపాలో ఆ మూడు పరిస్థితులు ఎలా బయటపడ్డాయో ఆలోచించండి. ఇది ఏదో ఒకసారి జరిగిందిలే అని వదిలేయకుండా, వచ్చిన ప్రతిదాన్ని కంట్రోల్ సంస్థలు తెలియజేశాయి గనుక. మీరు రేపు హ్యాంగర్‌లో ఉంటారు. రాత్రి రెండింటికి ఒక పైలట్ వచ్చి లాగ్‌బుక్‌లో "ఆర్‌ఏ వచ్చింది, విమానం లేదు" అని రాస్తాడు. ఉదయం ఆరింటికి ఆ విమానం మళ్ళీ వెళ్ళాలి. యంత్రం తనను తాను పరీక్షించుకుని బాగానే ఉన్నానంటుంది. "పరీక్షించాం, లోపం లేదు" అని రాసి సంతకం పెట్టడం చాలా తేలిక. అలా రాయకండి. ఆ ప్రాసెసర్ పార్ట్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఏ ట్రాన్స్‌పాండర్ పనిచేస్తోంది, జీపీఎస్ ఎటు నుంచి వస్తోంది, అప్పుడు విమానం ఎక్కడ ఎంత ఎత్తులో ఉంది, ఇవన్నీ రాయండి. కంట్రోల్ టవర్‌కు ఫోన్ చేసి, ఆ సమయంలో దగ్గరలో ఎవరైనా నేల మీద పరీక్ష చేస్తున్నారేమో అడగండి. చాలాసార్లు అవతలి నుంచి వచ్చే జవాబు ఒక హ్యాంగర్ పేరు, ఒక మనిషి పేరు అయి ఉంటుంది. ఒకసారి అది నా పేరే.